బైపాస్ తాళం ఎవరి చేతిలో ఉండాలి?

ఆపరేటర్: సూటిగనే అడుగుత సార్. రాత్రి 2 గంటలకు పంపు మోటర్ వేగాన్ని మార్చే డ్రైవ్ ట్రిప్ అయితది. ఓవర్‌హెడ్ ట్యాంకుల నీళ్లు అడుగంటినయి. పొద్దుగాల 5 గంటలకు నల్లా ఇడవాలె. డ్రైవ్‌ను తప్పించి మోటర్‌ను నేరుగ లైను మీద నడిపే బైపాస్ ప్యానెల్ తాళం ఇన్నేండ్లు పంపుహౌస్‌లనే ఉండేది. ఇప్పుడు మీ దగ్గర ఉంటదట, మీరు సరే అంటెనే తీయాల్నట. పంపు మంచిగనే ఉన్నది, మోటర్ మంచిగనే ఉన్నది, కరెంటు ఉన్నది. నడుమ ఒక్క డబ్బా మొరాయించిందని ఊరిని దూపకు పెడదామా?

ఇంజినీర్: పంపు బాగుంది, మోటారు బాగుంది అని మీకు ఎలా తెలిసిందన్నా? మొరాయించింది డబ్బా అని ముందే తేల్చేశారు. డ్రైవ్ తనంతట తాను పాడై ఆగడం ఒక సంగతి, బయట ఏదో తేడా కనిపెట్టి ఆగడం వేరే సంగతి. రెండిట్లోనూ తెర మీద ఎర్ర దీపమే వెలుగుతుంది. ఆ దీపం పక్కన వచ్చే కోడ్ చూడకుండా బైపాస్ మీటకి చెయ్యి పోతోంది. నాకు భయం అక్కడే. ఎర్త్ ఫాల్ట్ అని చూపించి ఆగిందనుకోండి. కేబుల్ జాయింట్లో తడి దిగి ఉంటుంది, లేదా వైండింగ్ బాడీకి తగిలి ఉంటుంది. ఆ మోటారుని నేరుగా లైను మీదికి ఎక్కిస్తే కాలిపోవడం తక్కువ నష్టం. తడి నేల మీద నిలబడి ఎవరైనా దాని బాడీ ముట్టుకుంటే ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

ఆపరేటర్: ఎర్త్ ఫాల్ట్ అని చూపిస్తే నేను కూడ ఎక్కియ్య సార్. అంత తెలివి మాకున్నది. నేను చెప్పేది అండర్ వోల్టేజ్ సంగతి. మా జనగామ దిక్కు బోర్లు ఎన్నున్నయో మీకు ఎరుకే. 2018 జనవరి 1 సంది వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నరు, ఆటో స్టార్టర్లు తీసేయమని కూడ చెప్పిన్రు. తీసినోళ్లు తీసిన్రు, తీయనోళ్లు తీయలే. కరెంటు పోయి వచ్చినప్పుడు ఫీడర్ మీది మోటర్లన్నీ ఒక్కపారే లేస్తయి, వోల్టేజీ కూలబడ్తది. మీ డ్రైవ్ వెంటనే చేతులెత్తేస్తది. అదే దెబ్బ పాత స్టార్టర్ మీద పడితే మోటర్ రెండు నిమిషాలు మూలుగుతది, మల్ల అందుకుంటది. ఇప్పుడు చెప్పున్రి, ఏది గట్టిది?

ఇంజినీర్: ఆ లెక్కలో పాత స్టార్టర్ గట్టిదే, ఒప్పుకుంటాను. డ్రైవ్ లోపల కెపాసిటర్లు మోటారుని నడపగలిగేది సెకనులో చిన్న తునక సేపు మాత్రమే. లైను పడిపోతే లోపలి డీసీ బస్ వోల్టేజీ పడిపోతుంది. 415 వోల్టుల లైను మీద ఆ బస్ దాదాపు 560 దగ్గర ఉండాలి. అది ఒక హద్దు దాటి దిగితే డ్రైవ్ ఆగక తప్పదు. కానీ ఆ ఆగడాన్ని మనమే సరిచేసుకోవచ్చు. వోల్టేజీ కుంగిన ఆ కాసేపు, తిరుగుతున్న మోటారు బరువులోని శక్తినే వెనక్కి లాక్కుని బస్‌ని నిలబెట్టే సెట్టింగ్ చాలా డ్రైవ్‌లలో ఉంది. అండర్ వోల్టేజ్ ట్రిప్ అయితే నిమిషమో రెండు నిమిషాలో ఆగి తనే మొదలయ్యే ఆటో రీస్టార్ట్ ఉంది. ఎర్త్ ఫాల్ట్‌కీ ఓవర్‌కరెంట్‌కీ అది ఉండకూడదు, అండర్ వోల్టేజ్‌కి ఉండాలి. ప్యానెల్ బిగించిన రోజున ఎవరూ ఆ పట్టిక తెరిచి చూడలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన విలువలే ఇప్పటికీ ఉన్నాయి. ఆ విలువలు మన ఫీడర్‌ని చూసి పెట్టినవి కావు.

ఆపరేటర్: ఎవరు తెరవాలె సార్ ఆ పట్టిక? పాస్‌వర్డ్ ఏసి పోయిన్రు. అడిగితే కంపెనీ మనిషి రావాలంటరు. జనగామకు, మానుకోటకు రైలన్న ఉన్నది. భూపాలపల్లికి అది కూడ లేదు. హైదరాబాద్ నుంచి ఆయన బస్సెక్కి వచ్చే దాక ఊరు బిందెలు పట్టుకొని నిలబడాల్నా? ఏదన్న తెలుసుకుందమంటె తాళం, మార్చుకుందమంటె తాళం. ఇప్పుడు బైపాస్‌కు కూడ తాళం. నా చేతికి ఏం మిగిలింది?

ఇంజినీర్: పాస్‌వర్డ్ విషయంలో మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ప్రజల డబ్బుతో కొన్న డ్రైవ్‌కి అమ్మినవాళ్లే తాళం వేసుకుని పోవడం తప్పు. పారామీటర్ల కాపీ ఒకటి పంపుహౌస్‌లో కాగితం మీద, ఇంకొకటి కీప్యాడ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉండాలి. డ్రైవ్ కాలిపోయి కొత్తది పెట్టిన రోజున, మోటారు నేమ్‌ప్లేట్ విలువల నుంచి మొదలుపెట్టి అన్నీ మళ్లీ వెతుక్కోవడం ఎంత నరకమో చూశాను. కానీ ఒక్కటి గమనించండి. ఫాల్ట్ హిస్టరీ చూడటానికి చాలా డ్రైవ్‌లలో పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఆగిన క్షణంలో ఎన్ని హెర్ట్జ్ మీద తిరుగుతోంది, కరెంటు ఎంత, బస్ వోల్టేజీ ఎంత, హీట్‌సింక్ వేడి ఎంత, అన్నీ రాసిపెట్టుకుంటుంది. రీసెట్ నొక్కే ముందు ఆ నాలుగు అంకెలు రిజిస్టర్లో రాయండి అని నేను అడుగుతున్నాను. ఓవర్‌కరెంట్ ఒక్కటే తీసుకోండి. మోటారు కదలకముందే, సున్నా హెర్ట్జ్ దగ్గరే వస్తే షార్టో, డ్రైవ్ అవుట్‌పుట్ వైపు ఎవరో మరిచిపోయి ఉంచిన పవర్ ఫ్యాక్టర్ కెపాసిటరో అయ్యుంటుంది. వేగం పెంచుకుంటూ పోయేటప్పుడు వస్తే ర్యాంప్ టైం చాలట్లేదేమో, ఇంపెల్లర్‌లో గుడ్డపీలికో రాయో పట్టుకుందేమో చూడాలి. స్థిరంగా నడుస్తూ నడుస్తూ వస్తే బేరింగో, కేబులో. కోడ్ ఒకటే, వెతకాల్సిన చోట్లు మూడు. రీసెట్, రీసెట్, బైపాస్ అనే వరుసలో ఆ తేడా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

ఆపరేటర్: మీరు చెప్పిన కెపాసిటర్ ముచ్చట నేను కళ్లార చూసిన. పాత స్టార్టర్ కాలంల మోటర్ టెర్మినల్స్‌కు కట్టిన కెపాసిటర్‌ను అట్లనే ఉంచి ముంగట డ్రైవ్ పెట్టిన్రు. మీట నొక్కుడే ఆలస్యం, ట్రిప్. మూడు దినాలు డ్రైవ్‌నే తిట్టిన్రు. తీసేసినంక మంచిగ నడిచింది. అది కనిపెట్టింది ఎవరో తెలుసునా? మానుకోటల రివైండింగ్ చేసే పిలగాడు. కంపెనీ మనిషి కాదు. అందుకే అంటున్న, దగ్గరున్నోని కండ్ల మీద భరోసా ఉంచున్రి.

ఇంజినీర్: ఉంచుతాను. ఆ కుర్రాడు బైపాస్ చేసి వెళ్లిపోలేదు, వెతికాడు. నేను కోరేది అదే. మరి బైపాస్‌లో జరిగే ఇంకో సంగతి చెప్తాను. డ్రైవ్ ఇన్‌పుట్ ఫేజ్ లాస్ అని ఆగిందనుకోండి. ఎక్కడో ఒక ఫ్యూజు పోయింది, లేదా సబ్‌స్టేషన్ దగ్గరే జంపర్ తెగింది. మీరు బైపాస్ వేస్తే మోటారు రెండు ఫేజుల మీద హూంకరిస్తుంది, కదలదు, కొన్ని నిమిషాల్లో వైండింగ్ నల్లబడుతుంది.

ఆపరేటర్: బైపాస్ ప్యానెల్ల సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టున్రి. ఓవర్‌లోడ్ రిలే సరైన ఆంపియర్‌కు సెట్ చేయున్రి. డ్రైవ్‌కు లచ్చలు పెట్టిన్రు, పక్కన బైపాస్‌కు మంచి రిలే పెట్టడానికి మనసొప్పలే. బైపాస్ అంటే అందరికి లోకువ. అందుకే అది ప్రమాదమైంది.

ఇంజినీర్: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. సరైన రిలేలు ఉన్న బైపాస్ వేరు, రెండు కాంటాక్టర్లు బిగించి వదిలేసిన బైపాస్ వేరు. ఆ రెండు కాంటాక్టర్ల మధ్య మెకానికల్ ఇంటర్‌లాక్ కూడా లేని ప్యానెల్స్ చూశాను. డ్రైవ్ అవుట్‌పుట్ కాంటాక్టరూ బైపాస్ కాంటాక్టరూ ఒకేసారి పడితే, లైను కరెంటు వెనక నుంచి డ్రైవ్‌లోకి దూరుతుంది. లోపల స్విచ్‌ల పని చేసే ఐజీబీటీలు పేలిపోతాయి. కాబట్టి ఆ ఇంటర్‌లాక్ లేనిచోట బైపాస్ వాడటానికి నేను ఒప్పుకోను. సరే, రిలేలన్నీ ఉన్నాయనుకుందాం. అప్పుడూ మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకి 6, 7 రెట్లు లాగుతుంది. దానివల్ల వచ్చే వోల్టేజీ కుంగుడే కదా మీరు ఇందాక ఆటో స్టార్టర్ల మీద పెట్టిన ఫిర్యాదు? ఇప్పుడు మనమే ఊరి మీదికి ఆ కుంగుడు పంపిస్తాం. ఇక పైపు సంగతి. ఇనుప పైపులో సెకనుకి 1 మీటరు వేగంతో పోతున్న నీళ్లు ఒక్కసారిగా ఆగితే, దాదాపు 100 మీటర్ల నీటి ఎత్తు వల్ల కలిగేంత ఒత్తిడి అదనంగా పడుతుంది. డ్రైవ్ మెల్లగా ఎక్కించి మెల్లగా దించుతుంది కాబట్టి ఆ దెబ్బ పడదు. లీకేజీలు తగ్గాయని మీ ఫిట్టరే చెప్పాడు.

ఆపరేటర్: తగ్గినయి, కాదన. కాని సార్, కరెంటు చప్పున పోయినప్పుడు మీ డ్రైవ్ పైపును ఎట్ల కాపాడుతది? కరెంటే లేకపోతే మెల్లగ దించేది ఎవరు? నీళ్లు ఒక్కపారే వెనక్కు కొడ్తయి, నీళ్లను వెనక్కు రానియ్యని ఎన్ఆర్‌వీ వాల్వు దబ్బున మూసుకుంటది, పంపుహౌస్ గోడలు అదురుతయి. మేం చలికాలంల, ఎండకాలంల విన్నది ఆ చప్పుడే. మీట నొక్కి ఆపినప్పుడు వచ్చే దెబ్బను డ్రైవ్ ఆపింది. కరెంటు పోతే వచ్చే దెబ్బ అట్లనే ఉన్నది. అసలు పైపులు పలిగేది ఎక్కువ దాంతోనే.

ఇంజినీర్: నిజమే. దానికి ఎయిర్ వెసెలో, సర్జ్ ట్యాంకో, మెల్లగా మూసుకునే ఎన్ఆర్‌వీయో కావాలి. డ్రైవ్ పెట్టాం కదా, ఇక అవి అక్కర్లేదని ఎస్టిమేట్లోంచి కొట్టేసిన చోట్లు ఉన్నాయి. అది తప్పుడు పొదుపు. ఎన్ఆర్‌వీ గురించి ఒక మాట. అది సరిగా మూసుకోకపోతే పైన ఉన్న నీళ్లు వెనక్కి దిగి పంపుని తలకిందులుగా తిప్పుతాయి. అప్పుడు డ్రైవ్ మొదలుపెట్టబోతే, ఎదురు తిరుగుతున్న మోటారు దానికి ఓవర్‌కరెంట్ గానో ఓవర్ వోల్టేజ్ గానో కనిపిస్తుంది. వారం రోజులు కార్డులు మార్చినా ఆ ట్రిప్ పోదు. వాల్వు డోర్ రబ్బరు మారిస్తే పోతుంది. డ్రైవ్ చెప్పిన మాట పైపు గురించి. మనం విన్నది డ్రైవ్ గురించి.

ఆపరేటర్: ఇగ కరెంటు పొదుపు ముచ్చటకు వద్దాం. డ్రైవ్ పెట్టిందే పొదుపు కోసమని అన్నరు. వేగం తగ్గిస్తే కరెంటు వేగం ఘనం లెక్కన తగ్గుతదని బోర్డు మీద గీత గీసి చూపించిన్రు. నేను 40 హెర్ట్జ్ మీద పెట్టి చూసిన. మోటర్ తిరుగుతది, మీటర్ తిరుగుతది, నీళ్లు మాత్రం ఎక్కలే.

ఇంజినీర్: ఆ గీత అబద్ధం కాదు, సగం నిజం. వేగం 80 శాతానికి దించితే కరెంటు వాడకం దాదాపు సగానికి వస్తుందన్నది, నీళ్లు పైపుల రాపిడిని మాత్రమే దాటాల్సిన చోట చెల్లుతుంది. ఏసీ ప్లాంటులో చల్లనీళ్లు ఒకే గొట్టంలో చుట్టూ తిరుగుతాయి, అక్కడ బాగా చెల్లుతుంది. మనది ఎత్తిపోత. ఒక పంపు తీసుకుందాం. వాల్వు మూసి నడిపితే అది 75 మీటర్ల ఒత్తిడి ఇస్తుంది. ట్యాంకు 48 మీటర్ల ఎత్తులో ఉంది. 50 నుంచి 40 హెర్ట్జ్‌కి దించితే ఒత్తిడి వేగం వర్గం లెక్కన తగ్గుతుంది, అంటే 75లో 64 శాతం. సరిగ్గా 48. పంపు ఆ ఎత్తు దాకా నీటిని నిలబెడుతుంది, చుక్క కూడా పైకి పంపదు. లోపల ఉన్న నీళ్లే గిరగిరా తిరిగి వేడెక్కుతాయి. సబ్‌మర్సిబుల్ అయితే దాన్ని చల్లబరిచేది ఆ పారే నీళ్లే కాబట్టి ఇంకా ప్రమాదం. గోదావరి నుంచి గంగారం దగ్గర ఎత్తిపోసి జనగామ మెట్టల దాకా తెచ్చే దేవాదుల లాంటి పథకాల్లో పంపు పని ముఖ్యంగా ఎత్తుతోనే. అలాంటి చోట వేగం తగ్గించి పొదుపు చేస్తామంటే లెక్క కుదరదు. ప్రతి పంపుకీ డ్రైవ్ పెట్టాలనే వాదన నాది కాదు.

ఆపరేటర్: ఈ మాట మొదట్లనే చెప్పి ఉంటే బాగుండు. పొదుపు లేదు, కరెంటు పోతే రక్ష లేదు, వోల్టేజీ కుంగితే ఆగుతది. మల్ల ఎందుకు సార్ ఇది?

ఇంజినీర్: ఊళ్లో పొద్దున వాడకం వేరు, మధ్యాహ్నం వేరు కాబట్టి. ఎండాకాలం బావిలో ఊట తగ్గితే, పంపు లాగే నీళ్లని ఊటకి సరిపోయేలా దించగలం కాబట్టి. స్టార్టర్ అయితే బోరుని వట్టిపోయే దాకా పీల్చి, డ్రైగా తిరిగి, బుష్‌లు కాల్చుకుంటుంది. జనగామ నేల కింద ఉన్నది రాయి. పగుళ్లలో నిలిచిన నీళ్లే మనకి దొరికేవి. ఒక గంట విపరీతంగా లాగి మూడు గంటలు ఆపడం కన్నా, నాలుగు గంటలు నెమ్మదిగా లాగడం ఆ నేలకి నప్పుతుంది. స్టార్టర్‌తో అది చేయాలంటే వాల్వు బిగించాలి. బిగించిన వాల్వు దగ్గర పోయేదంతా వృథా. నాకు డ్రైవ్ మీద ఉన్న మమకారం ఇక్కడిది.

ఆపరేటర్: బోరు అన్నరు గదా, అక్కడనే నా అసలు కడుపుమంట. లోతు బోరు, పొడుగు కేబుల్. స్టార్టర్ మీద ఏండ్ల తరబడి నడిచిన మోటర్, డ్రైవ్ పెట్టిన ఏడాదికే కాలింది. రివైండింగ్ షాపుల విప్పితే మొత్తం వైండింగ్ నల్లగ లేదు. కరెంటు దిగే మొదటి చుట్ల కాడనే పుండు లెక్క పొడుచుకొచ్చింది. షాపాయన చూడంగనే అన్నడు, ఇది డ్రైవ్ కొట్టిన దెబ్బ అని. మీ ఇంజినీర్లు ఒప్పుకోలే. మోటర్ నాసిరకం అన్నరు.

ఇంజినీర్: షాపాయన చెప్పిందే నిజం. మా వాళ్లు ఒప్పుకోవాల్సింది. డ్రైవ్ పంపేది మెత్తటి అల కాదు, సెకనుకి వేలసార్లు కొట్టే నిట్టనిలువు వోల్టేజీ దెబ్బలు. కేబుల్ పొడుగైతే అవి మోటారు దాకా పోయి తిరిగి వెనక్కి తన్నుకుంటాయి, టెర్మినల్స్ దగ్గర వోల్టేజీ బస్‌కి రెండింతల దాకా, అంటే 1100 దాటి పోతుంది. ఆ భారం పడేది మొదటి చుట్ల మీదే. మామూలు మోటార్ల ఇన్సులేషన్‌కి అమెరికా నెమా ప్రమాణం పెట్టే హద్దు 1000 వోల్టులు. డ్రైవ్ కోసమే చేసిన మోటార్లకి అంతకన్నా ఎక్కువ. డ్రైవ్ దగ్గర అవుట్‌పుట్ ఫిల్టర్ పెడితే ఆ తన్నులు తగ్గుతాయి. ఎస్టిమేట్లో డ్రైవ్ ఉంది, ఫిల్టర్ లేదు. అలాగే పెద్ద మోటార్లలో షాఫ్ట్ మీదికి వోల్టేజీ ఎక్కి బేరింగ్ లోంచి దిగుతుంది. విప్పి చూస్తే లోపలి రేస్ మీద రేకు చాళ్ళలాగా వరుస గీతలు కనిపిస్తాయి. బేరింగ్ మార్చి ఊరుకుంటే మళ్లీ పోతుంది. ఇన్సులేటెడ్ బేరింగో, షాఫ్ట్‌ని ఎర్త్ చేసే రింగో పెట్టాలి. ఇవన్నీ డ్రైవ్ తెచ్చిన రోగాలే, నేను దాచను.

ఆపరేటర్: మీరు ఒప్పుకున్నరు కాబట్టి నేను కూడ ఒక మాట ఒప్పుకుంట. మా వాళ్లు ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ తీసుకొని డ్రైవ్ వైర్లు ఇప్పకుండనే కొడ్తరు. 500 వోల్టులు నేరుగ డ్రైవ్ లోపలికి పోతయి. మంచిగున్న డ్రైవ్ అట్ల సచ్చిపోయింది చానసార్లు. మల్ల డ్రైవ్ నాసిరకం అని చెప్పుకుంటరు.

ఇంజినీర్: అదొక్కటి అందరికీ నేర్పితే చాలా డ్రైవ్‌లు బతుకుతాయి. ముందు లైను ఆపాలి. కవర్ మీద రాసినంత సేపు, సాధారణంగా 5 నుంచి 15 నిమిషాలు, ఆగాలి. మల్టీమీటర్‌తో డీసీ బస్ కొలిచి చచ్చిందని నిర్ధారించుకోవాలి. దీపం ఆరిపోయింది కదా అని చెయ్యి పెట్టకూడదు. యూ, వీ, డబ్ల్యూ వైర్లు డ్రైవ్ నుంచి విప్పి, అప్పుడు మోటారూ కేబులూ కలిపి మెగ్గర్ కొట్టాలి. తక్కువ వస్తే రెండిటినీ విడదీసి మళ్లీ కొట్టాలి. చాలాసార్లు తేలేది మోటారు కాదు, కేబుల్ జాయింట్. విప్పిన డ్రైవ్‌ని మోటారు లేకుండా ఖాళీగా నడిపి చూస్తే, అప్పుడూ ట్రిప్ అయితే తప్పు లోపల ఉన్నట్టు, అవ్వకపోతే బయట ఉన్నట్టు. ఇంత పని అరగంట.

ఆపరేటర్: అరగంటేనా? ఒక్కడు డ్యూటీల ఉంటడు సార్ రాత్రి. వాడే వాల్వు తిప్పాలె, వాడే క్లోరిన్ చూడాలె, ఫోన్లు వాడే ఎత్తాలె. మెగ్గర్ పంపుహౌస్‌ల ఉండదు, సెక్షన్ ఆఫీసుల బీరువాల ఉంటది. ఇంకోటి, ఎంత వస్తే నడపాలె, ఎంత వస్తే ఆపాలె? మా పెద్దలు 1 మెగా ఓమ్ ఉంటే చాలన్నరు.

ఇంజినీర్: అది పాత లెక్క, కిలోవోల్టులకి ఒకటి కలపాలనే సూత్రం నుంచి వచ్చింది. ఈనాటి చిన్న మోటార్లకి ఐ ట్రిపుల్ ఈ 43 ప్రమాణం కనీసం 5 మెగా ఓమ్‌లు అడుగుతుంది. నీళ్లలోనే మునిగి ఉండే వెట్ వైండింగ్ సబ్‌మర్సిబుల్స్‌కి అంత రాకపోయినా నడుస్తాయి, తయారీదారు ఇచ్చిన హద్దు చూడాలి. ఒక్కనాటి అంకె కన్నా నెలనెలా రాసుకున్న అంకెలు ముఖ్యం. 200 ఉన్నది 80కి, 80 ఉన్నది 12కి దిగుతూ వస్తుంటే, అది ట్రిప్ అయ్యే రాత్రి రాకముందే మనకి తెలుస్తుంది.

ఆపరేటర్: నెలనెలా రాయమంటరు. రాసిన రిజిస్టర్‌ను ఎవరు చదువుతరు సార్? నేను రాసిన, ఫ్యాన్ చప్పుడు చేస్తున్నది అని. ఫిల్టర్ మూసుకపోయింది అని. మే నెలల ఎండ 45 దాటుతది, రేకుల షెడ్డు. మీ డ్రైవ్ మీద 40 డిగ్రీల దాక అని రాసి ఉన్నది. మానుకోట దిక్కు రైస్ మిల్లులల్ల తవుడు దుమ్ము, భూపాలపల్లిల బొగ్గు దుమ్ము. బొగ్గు దుమ్ము కార్డు మీద పడి తడి తగిలితే కరెంటు పారుతది. వానకాలం ప్యానెల్ల బల్లి దూరి బస్‌బార్ మీద పడ్తది. ఇయన్ని కోడ్‌ల ఉంటయా? ఓవర్ టెంపరేచర్ అని ఒక్క ముక్క చూపిస్తది. నాకు కోడ్ సదవొస్తది. కోడ్ చెప్పిన పని చేయడానికి 1 ఫ్యాన్ కావాలె, 2 ఫిల్టర్లు కావాలె. అవి రావు. గప్పుడు నేను ప్యానెల్ తలుపు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెడ్త. తలుపు తెరిస్తే దుమ్ము లోపలికి పోతది, బల్లి లోపలికి పోతది. తప్పని ఎరుకే. ఇంకేం చేయాలె?

ఇంజినీర్: కెపాసిటర్లు 10 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంటే వాటి ఆయుష్షు సగమవుతుంది. ఆ ఫ్యాన్ ఖరీదు డ్రైవ్ ఖరీదులో ఏ మూలకీ రాదు. అది మీ చేతికి అందకపోవడం మా వైపు తప్పు. స్టాకులో పెట్టిన స్పేర్ డ్రైవ్ కూడా అంతే. ఏడాది దాటి కరెంటు తగలకుండా పడుంటే కెపాసిటర్లని మెల్లగా వోల్టేజీ పెంచుతూ మళ్లీ తయారు చేయాలి. నేరుగా లైను ఇస్తే పేలవచ్చు. ఆ పని చేసే ఏర్పాటు స్టోర్లలో లేదు. అయినా నా మాట మీద నిలబడతాను. ఇవన్నీ బైపాస్‌కి సాక్ష్యాలు కావన్నా. బైపాస్ దొరికిన చోట ఫ్యాన్ ఎప్పటికీ రాదు. నీళ్లు వస్తున్నాయి కదా అని పైవాళ్లు ఫైలు పక్కన పెడతారు. డ్రైవ్ నెలల తరబడి ఆగిపోయి ఉంటుంది, బైపాస్ మీదే ఊరు నడుస్తుంది, ఎవరికీ పట్టదు. మీ చేతిలో ఉన్న ఆ తాళమే మీకు రావాల్సిన స్పేర్‌ని ఆపుతోంది.

ఆపరేటర్: ఆ మాట గుండెకు తాకింది సార్. నిజమే కావచ్చు. కాని మీరు చెప్పేది ఏంది? ఊరు ఎండితెనే ఆఫీసుల ఫైలు కదులుతదని. ఎండేది ఎవరు మరి? ఆఫీసు కాదు. మా ముసలోళ్లు, హాస్టల్ పిల్లలు, ఎడ్లు, బర్లు. ఫైలు కదిలించడానికి ఊరిని పణం పెట్టమంటే నేను పెట్ట.

ఇంజినీర్: పణం పెట్టమనట్లేదు. బైపాస్ కాదు, స్టాండ్‌బై కావాలంటున్నాను. పక్కన రెండో పంపు, దానికి విడిగా స్టార్టర్ లేదా డ్రైవ్. మొదటిది ఆగితే రెండోది నడుస్తుంది, మొదటిదాన్ని తీరిగ్గా విప్పి చూస్తాం. భూపాలపల్లి గనుల్లో నీళ్లు తోడే పంపులు ఆగితే సంప్ నిండి పని చోటు మునుగుతుంది. అక్కడ ఒక్క పంపు మీద బతికే ఆలోచనే ఎవరూ చేయరు.

ఆపరేటర్: స్టాండ్‌బై ఉన్నది సార్, కాగితం మీద. దాని బేరింగ్ తీసి దీనికి ఏసిన్రు, దాని కాంటాక్టర్ తీసి ఇంకో పంపుహౌస్‌కు పంపిన్రు. ఇప్పుడు అది బోర్డు కింద పెయింట్ ఏసిన ఇనుము. ఇంకోటి చెప్త, 2022 జులైల గోదావరి పొంగి కన్నేపల్లి పంపుహౌస్ మునిగింది. నీళ్లల్ల మునిగిన మోటర్‌ను ఆరబెట్టి, వేడి పెట్టి, వార్నిష్ కొట్టి లేపొచ్చు. మా షాపులల్ల ఏటా చేసే పనే అది. బురద నీళ్లల్ల మునిగిన డ్రైవ్ కార్డును ఎవరు లేపుతరు? ఇనుము, రాగి ఉన్న వస్తువును మా చేతులు బాగు చేస్తయి. కార్డు పోతే మా చేతులు ఊరికే ఉంటయి. నేను స్టార్టర్‌ను ఎందుకు నమ్ముతనో మీకు అర్థమైందనుకుంట.

ఇంజినీర్: అర్థమైంది. డ్రైవ్‌లని వరద మట్టానికి ఎంతో పైన పెట్టాలని ఆ ఏడాది అందరికీ తెలిసొచ్చింది. కానీ చేతుల మాట దగ్గర నేను విభేదిస్తాను. ఇప్పుడు రాబోయేది చూడండి. 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. అటవీ హక్కుల పట్టాలున్న గిరిజన రైతుల పోడు భూముల్లో బోర్లు, వాటికి సోలార్ పంపులు. మహబూబాబాద్ (మానుకోట) తండాల్లో, భూపాలపల్లి అడవి పల్లెల్లో పోడు ఎంత ఉందో చెప్పక్కర్లేదు. ఆ పంపుని నడిపే కంట్రోలర్ కూడా డ్రైవే. పలకల నుంచి వచ్చే డీసీ నేరుగా బస్‌లోకి పోతుంది. పొద్దున్నే వెలుతురు చాలక ఆగుతుంది, మబ్బు పట్టగానే ఆగుతుంది, బోరు ఎండితే డ్రై రన్ అని ఆగుతుంది. అక్కడ లైనే లేదు. బైపాస్ వేయడానికి ఏమీ లేదు. తండాలో రైతు చూసేది ఆ చిన్న తెర మీది కోడ్ ఒక్కటే. మబ్బుకి ఆగిన పంపునీ, కేబుల్ తెగి ఆగిన పంపునీ వేరుచేసి చూడగలిగిన మనిషి ఆ మండలంలో ఉండాలి. బైపాస్ అలవాటు పడ్డ మన మెకానిక్కులు ఆ మనిషి కాలేరు.

ఆపరేటర్: మా మెకానిక్కులే ఆ మనిషి కావాలె. ఇంకెవరు అడవి పల్లెకు పోతరు? కాని నేర్పినోడు ఎవడు సార్? ట్రైనింగ్ అంటే హన్మకొండల ఒక పూట కూసోబెట్టి, ఇంగ్లీషు పుస్తకం చేతిల పెట్టి, భోజనం పెట్టి పంపుతరు. డ్రైవ్ మూత తీసి చూపియ్యరు. పాడైన డ్రైవ్ ఒక్కటి మా ముంగట పెట్టి, ఇది ఇప్పు, ఇక్కడ కొలువు, డయోడ్ మోడ్‌ల ఇంత రావాలె, సున్నా వస్తే ఐజీబీటీ పోయిందని అర్థం అని ఎవరన్న చెప్పిన్రా? మీరు చెప్పిన అరగంట పని మాకు తెలుగుల, ప్యానెల్ తలుపు మీద అంటించి ఇయ్యున్రి. మెగ్గర్ పంపుహౌస్‌ల పెట్టున్రి. పాస్‌వర్డ్ ఇయ్యున్రి. అప్పుడు తాళం మీ దగ్గరనే ఉంచుకోన్రి, నేను అడగ.

ఇంజినీర్: ముందు అవన్నీ వచ్చాక తాళం ఇస్తానంటే, ఈలోపు వచ్చే వానాకాలం సంగతి? వాన మొదలవగానే కేబుల్ జాయింట్లలో తడి దిగుతుంది. ఎర్త్ ఫాల్ట్‌లు ఎక్కువ వచ్చే కాలం అదే. ఎర్త్ ఫాల్ట్, ఓవర్‌కరెంట్, ఫేజ్ లాస్ ఈ మూడు కోడ్‌లకి బైపాస్ వద్దు. మిగతావాటికి మీరే నిర్ణయం తీసుకోండి, కోడ్ రాసి, ఫొటో తీసి, తర్వాత నాకు చెప్పండి. అంతవరకు దిగగలను. తాళం పూర్తిగా వదలలేను.

ఆపరేటర్: తెర మీద ఏ కోడ్ లేకుండ డ్రైవ్ మొత్తానికే చచ్చిపోతే? దీపమే ఎలగకపోతే? లోపల కంట్రోల్ ఫ్యూజు పోయిందో, కార్డే పోయిందో నాకు తెల్వదు. మోటర్ మంచిదో కాదో చెప్పేటందుకు మెగ్గర్ లేదు. మీ ఫోను కలవదు. పొద్దుగాల 5 గంటలకు నల్లా ఇడవాలె.

ఇంజినీర్: అప్పుడు... వైర్లు విప్పి, మెగ్గర్ లేకపోతే కనీసం మల్టీమీటర్‌తో మూడు చుట్ల రెసిస్టెన్స్ సమానంగా ఉందో, బాడీకి తగులుతోందో చూడండి. మల్టీమీటర్ తడిని పట్టుకోలేదు, అది నాకు తెలుసు.

ఆపరేటర్: తడిని పట్టుకోలేదని మీకు తెలుసు. దాన్ని నమ్మి బైపాస్ వేసినోడు నేను అయితే, రేపు మోటర్ కాలితే మెమో ఎవరి పేరు మీద వస్తది సార్?

ఇంజినీర్: ఇప్పుడున్న పద్ధతిలో మీ పేరు మీదే వస్తుంది.

ఆపరేటర్: వేయక నల్లా బంద్ అయితే?

ఇంజినీర్: అదీ మీ పేరు మీదే.